తిన్నింటి వాసాలు – కొలువు మారేవాడి గుట్టు



మొన్న సంక్రాంతికి నా పాత విద్యార్థి ఒకడు నందికొట్కూరు వచ్చి, నన్ను పలకరించి పోదామని ఇంటికి వచ్చాడు. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. కాఫీ తాగుతూ ఉండగానే చేతిలోని ఫోను మోగింది. ఆ మొహంలో రంగు మారింది. "ఒక్క అర్ధగంట సార్" అని పెరట్లోకి పోయి, వేపచెట్టు కింద నిలబడి, ఎవరికో సమాధానాలు చెప్పి తిరిగి వచ్చాడు. వేరే కంపెనీవారు చేసిన ఇంటర్వ్యూ అట. ఇప్పుడున్న కంపెనీకి తెలియదు. తెలియకూడదు. వెళ్లేముందు గడప దగ్గర నిలబడి తలవంచుకుని అడిగాడు: "సార్, వీళ్ల జీతం తింటా ఇంకోచోట ఉద్యోగం వెతుక్కోవడం తప్పంటారా? మీరు తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని జాతీయం చెప్పినారు కదా, అదే గుర్తొస్తాంది."

నేను తరగతిలో ముప్పై ఏళ్లు చెప్పిన జాతీయం. అర్థం చెప్పాను, సొంత వాక్యంలో ప్రయోగించమన్నాను, రెండు మార్కులు వేశాను. కాని అది ఒక మనిషి గుండెలో ముల్లులాగా మిగిలి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ పూట వాడికి తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. వాడు వెళ్లిన తరువాత పాత పుస్తకాలు తిరగవేశాను. ఒక కొలువులో ఉంటూ మరొక కొలువు కోసం ప్రయత్నించడమనేది నిన్న మొన్నటి సంగతి కాదు. దానికి చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో నాకు తెలిసినంత మేరకు ఇక్కడ విన్నవిస్తున్నాను.

ముందుగా కౌటిల్యుని సంగతి. మైసూరు పండితులు ఆర్. శామశాస్త్రిగారు తాటాకుల నుండి వెలికితీసి 1909లో ముద్రించిన అర్థశాస్త్రంలో ఐదవ అధికరణంలో చాలా సంగతులు కొలువుకు సంబంధించినవే. లోకజ్ఞానం కలిగినవాడు గుణవంతుడైన రాజును, ఆ రాజుకు ప్రియులూ హితులూ అయినవారి ద్వారా ఆశ్రయించాలని కౌటిల్యుడు చెబుతాడు. నేటి భాషలో దీనినే 'రెఫరెన్సు' అంటున్నారు. అంతటితో ఆగక, ప్రభువు మనసు విరిగినదని గుర్తుపట్టే చిహ్నాలను కూడా వరుసగా చెప్పాడు. చూసి చూడనట్లుండడం, ఆసనం చూపకపోవడం, మాట మధ్యలో మొహం తిప్పుకోవడం వంటివి. అతి చిన్న సంకేతాన్ని బట్టి రాజును విడిచి వెళ్లిపోయిన కాత్యాయనుడు, భారద్వాజుడు మొదలైన వారిని ఉదాహరించాడు. గమనించవలసినదేమంటే, వారిని ద్రోహులని అనలేదు. తెలివి గలవారనే లెక్కలో చెప్పాడు. స్వామిభక్తిని అంతగా బోధించిన గ్రంథమే, సేవకునికి కన్నూ చెవీ ఉండాలనీ, కాలు కదిపే స్వేచ్ఛ ఉండాలనీ ఒప్పుకున్నది.

ఇక మన తెలుగు రాజ్యాలకు వద్దాం. కొలువు మార్పులను తలచుకుంటే మొదట స్ఫురించే పేరు శ్రీనాథుడు. కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి 1402 నుండి 1420 వరకు పాలించాడు. ఆయన ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. ఆ పదవిలో ఉన్న కవి శృంగారనైషధాన్ని రాజుకు గాక మామిడి సింగనామాత్యునికి అంకితమిచ్చాడు. హరవిలాసం అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకునికి చేరింది. కొండవీటి రాజ్యం అస్తమించిన తరువాత రాజమహేంద్రవరం వెళ్లి భీమఖండాన్ని బెండపూడి అన్నయామాత్యునికి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి ఇచ్చాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేకం పొందాడని ప్రతీతి. రెడ్డిరాజుల కఠారి వెలమప్రభువుల పరమైతే, దానిని తిరిగి తెచ్చేందుకు రాచకొండ వెళ్లి అక్కడి సభను మెప్పించాడని ఒక చాటుకథ కూడా ఉన్నది.

దీనిలో మన ప్రస్తుతానికి పనికివచ్చే అంశం ఒకటున్నది. ఆనాటి కవిపండితుని 'ఇంటర్వ్యూ' నిండుసభలో జరిగేది. పదిమంది పండితులు ప్రశ్నలు వేసేవారు. గెలిచినా ఓడినా ఆ వార్త బాటసారుల నోట రాజ్యాలు దాటి పోయేది. అందులో గుట్టుకు తావు లేదు. ఎందుకు లేదంటే, పేరుపొందిన పండితుడు ఎక్కడికి వెళ్లినా అది పంపిన ప్రభువుకు కూడా గౌరవమే. అతని విద్య అతనితోనే ఉంటుంది గనుక అతనిని కట్టివేయడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఈ సౌకర్యం శ్రీనాథునివంటి వారికే. చేతిలో విద్య తప్ప వేరే ఆస్తి అక్కరలేని కొద్దిమందికే. ఆ రాజుల కోటకు రాళ్లు మోసినవాడికి అది లేదు.

మన సీమకు వస్తే, 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పాళెగాళ్ల బలాన్ని అణచివేశాడు. పాళెగాని కింద కట్టుబడి బంట్రోతులుండేవారు. వారికి నెల జీతం కాదు, సేవకు బదులుగా మాన్యపు భూమి. పాళెగానికి పని లేకపోయిన తరువాత ఆ బంట్రోతులకూ పని లేకపోయింది. క్రమంగా మాన్యాలకూ ముప్పు వచ్చింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడివారు అనేకులు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెడ్డిని ఉరితీశారు. ఆ తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నవి. వాటిలో ఒకటి మాత్రం మన విషయానికి సంబంధించినది: భూమితో ముడిపడిన కొలువు పోతే మనిషికి మరొక కొలువు వెతుక్కొనే దారి ఉండదు. దారి లేనివాడు ఆయుధం పట్టుకుంటాడు.

మా నందికొట్కూరు ప్రాంతం అంతకు పూర్వం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. 1839లో నవాబు గులాం రసూల్‌ఖాన్ రహస్యంగా ఆయుధాలు సమకూరుస్తున్నాడన్న ఆరోపణతో కంపెనీవారు కర్నూలును వశపరచుకున్నారు. నవాబును తిరుచిరాపల్లికి పంపారు. రాజ్యం ఒక్క దెబ్బతో పోయింది. కోటలో లెక్కలు రాసినవారూ, గుర్రాలు కాచినవారూ ఏమయ్యారో ఊహించుకోవలసిందే.

కంపెనీ కచేరీలతో పాటు 'ఉమేదువారు' అనే మాట మన భాషలోకి వచ్చింది. పార్శీలో ఉమేద్ అంటే ఆశ. ఉమేదువారంటే ఆశ పెట్టుకున్నవాడు. కలెక్టరు కచేరీలో జీతం లేకుండా దస్తావేజులకు నకళ్లు రాస్తూ, ఎవరైనా గుమాస్తా చనిపోతేనో, బదిలీ అయితేనో ఆ చోటు తనకు దక్కుతుందని నిరీక్షించేవాడు. పనికి ముందు పరీక్ష కాదు, పనే పరీక్ష. ఏళ్లు గడిచేవి. ఉమేదువారుకు గుట్టు అవసరం లేదు, ఎందుకంటే పోగొట్టుకొనేందుకు అతనికి జీతమే లేదు. గుట్టు అనేది కొద్దో గొప్పో ఉన్నవాడికే కావలసి వస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ కాలంలోనే, పంతులుగా పనిచేస్తూ మరొక పంతులు ఉద్యోగానికి ఎంపికైన మహనీయుడు మన పరవస్తు చిన్నయసూరి. మద్రాసులో పచ్చయప్ప విద్యాశాలలో తెలుగు చెబుతూ ఉండగా, ప్రభుత్వ విద్యాశాలకు ప్రధాన తెలుగు పండితుడు కావలసి వచ్చాడు. ఎంపిక బాధ్యత ఎ.జె. అర్బత్‌నాట్ దొరది. కాశీలో చదివి యోగ్యతాపత్రం తెచ్చినవాడే కావాలని దొర మొదట పట్టుబట్టాడనీ, తరువాత సూరి పాండిత్యానికి మెచ్చి ఆయననే నియమించాడనీ జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ కొలువులో ఉండగానే 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం వెలువడ్డాయి. పండిత శిక్షణ పొందిన మావంటివారికి బాలవ్యాకరణం అన్నం పెట్టిన గ్రంథం. మొదటి యజమానికి కట్టుబడి సూరి ఉన్నచోటనే ఉండిపోయి ఉంటే, ఆ విశ్వాసాన్ని మెచ్చుకొనేవాళ్లమేమో గాని, మన చేతికి ఏమి వచ్చేదో చెప్పలేము.

అదే దశకంలో కూలివానికి వేరే న్యాయం నడిచింది. 1859లో చేసిన పదమూడవ చట్టం ప్రకారం, బయానా పుచ్చుకున్న పనివాడు పని మధ్యలో మానితే అతనిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చును. పని చేయమని ఉత్తరువు ఇవ్వవచ్చును. కాదంటే జైలు. మొదట మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకని చేసిన ఈ చట్టం తరువాత ఇతర ప్రాంతాలకు పాకింది. యజమాని మాట తప్పితే సివిలు దావా, కూలివాడు మాట తప్పితే నేరం! ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. ఇంగ్లండులో మహామారి వల్ల జనం చచ్చి కూలీలు దొరకనప్పుడు, ఎక్కువ కూలి కోసం యజమానిని వదలరాదని 1351లోనే శాసనం చేశారు. అక్కడ పని మానడం నేరం కాకుండా పోయింది 1875లో. ఇక్కడి చట్టం రద్దుకు శాసనం 1925లో గాని రాలేదు.

చట్టం పుస్తకంలో ఉన్నా లేకపోయినా, పల్లెల్లో దాని పని అప్పు చేసేది. నా చిన్నతనంలో మా ఊళ్లో జీతగాళ్లుండేవారు. ఉగాది నుండి ఉగాదికి ఒప్పందం. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక జత చెప్పులు, ఒక కంబళి, కొంత రొక్కం. పండుగ ఇంకా నెల ఉందనగా రాత్రిపూట గుసగుసలు మొదలయ్యేవి. జీతగాడు చీకటి పడ్డాక, ఎవరికో ఒంట్లో బాగాలేదు చూసి వస్తానని చెప్పి, ఒక మధ్యవర్తి ఇంటికి పోయేవాడు. అక్కడ రెండవ ఆసామి మనిషి కూర్చుని ఉండేవాడు. మాటలన్నీ పాత అప్పు చుట్టూ తిరిగేవి. కొత్త ఆసామి ఆ అప్పు కట్టి విడిపిస్తేనే జీతగాడు కదలగలడు. ఈ సంగతి ముందుగా బయటపడితే అప్పు లెక్క ఒక్కరాత్రిలో పెరిగేది, లేదా మిగిలిన నెల జొన్నలు ఆగిపోయేవి. చదువురాని ఆ మనిషి నడిపిన మంత్రాంగం చూస్తే కౌటిల్యుడు సంతోషించేవాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. కాగితం మీద ఆ అప్పులు కొట్టివేయబడ్డాయి. మనుషుల మనసుల్లో కొట్టివేయబడేందుకు ఇంకా కొన్ని ఉగాదులు పట్టింది.

పేరుమోసిన పండితుడు పట్టపగలు నిండుసభలో కొలువు మారాడు. జీతగాడు చీకట్లో మారాడు. ఇద్దరూ చేసినది ఒకే పని. తేడా వారి నీతిలో లేదు, వారిని పట్టి ఉంచిన పగ్గంలో ఉన్నది. పగ్గం ఎంత బిగుతుగా ఉంటే గుట్టు అంత లోతుగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైన తరువాత తక్కిన చరిత్ర సుబోధకమైంది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఎంపిక పద్ధతి మారింది. సిఫారసుకు బదులు పరీక్ష, మౌఖిక పరీక్ష వచ్చాయి. 1929 నాటి చట్టాన్ని అనుసరించి 1930లో మద్రాసులో సర్వీసు కమిషన్ ఏర్పడింది. రాష్ట్రాలలో అటువంటిది అదే మొదటిది. 1953 అక్టోబరు 1న మన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు మనకు వేరే సర్వీసు కమిషన్ వచ్చింది. గుడారాల్లో కార్యాలయాలు నడిచిన ఆ రోజుల గురించి కర్నూలు పెద్దలు కథలుగా చెప్పేవారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదు కమిషన్‌తో కలిసి అది ఇప్పటి ఏపీపీఎస్సీ అయింది. దీనితో ఉద్యోగం మారేవాడికి రాజమార్గం ఒకటి ఏర్పడింది. పై అధికారి ద్వారా దరఖాస్తు పంపుకోవాలి, నిరభ్యంతర పత్రం, అంటే అందరూ ఎన్వోసీ అనేది, తెచ్చుకోవాలి. చెప్పి వెళ్లేవాడికి పాత సర్వీసు కలుస్తుంది, చెప్పకుండా వెళ్లేవాడికి చిక్కులొస్తాయి. గుట్టు అక్కరలేకుండా చేసిన ఏర్పాటు ఇది. పద్ధతి మంచిదే. కాని ఆ పత్రం మీద సంతకం పెట్టే చేయి మంచిది కాకపోతే, రాజమార్గం పక్కనే ముళ్లదారి పుట్టుకొస్తుంది.

ప్రైవేటు ఉద్యోగంలో ఆ రాజమార్గం కూడా లేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 27వ సెక్షను, మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం చెల్లదన్నది. అయితే 1967లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఒక హద్దు గీసింది. గోలికరి అనే ఉద్యోగి సెంచురీ స్పిన్నింగ్ కంపెనీలో ఐదేళ్ల ఒప్పందం మీద చేరి, విదేశీ సాంకేతిక రహస్యాలు నేర్చుకుని, గడువు తీరకముందే కోటాలోని పోటీ కంపెనీలో చేరాడు. ఒప్పందకాలం ముగిసేవరకు అటువంటి పని మరెక్కడా చేయరాదన్న షరతు చెల్లుతుందని కోర్టు తేల్చింది. అనగా, వెతుక్కోవడం తప్పు కాదు, ఒకరి దగ్గర నేర్చిన గుట్టును గడువులోపల పోటీదారుకు చేరవేయడం తప్పు. వాసాలు లెక్కపెట్టడం వేరు, వాసం ఊడదీసుకుపోవడం వేరు!

మన తెలుగువారికి ఈ విషయం ఒక్కసారిగా ఇంటింటి సమస్య అయినది 2009లో. ఆ యేడు జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కల్లో మోసం జరిగిందని స్వయంగా ఒప్పుకున్నాడు. వేలాదిమంది ఉద్యోగులు ఆ కుర్చీల్లోనే కూర్చుని, జీతం వస్తుందో రాదో తెలియక, వేరే కంపెనీల తలుపులు తట్టారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను తీసుకొనేవరకు ఆ అవస్థ. అప్పుడు వారిని విశ్వాసహీనులని ఎవరూ అనలేదు. విశ్వాసం తప్పినది ఎవరో లోకానికి తెలుసు గనుక. అమెరికాలో హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్న మన పిల్లలకు ఇంకొక పగ్గం. 2000లో వచ్చిన చట్టం తరువాత కొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేయగానే అక్కడ పని మొదలుపెట్టే వీలు కలిగింది. 2017 నుండి ఉద్యోగం పోయినవాడికి అరవై రోజుల వరకు గడువు ఇస్తున్నారు. అరవై రోజుల్లో ఇల్లు, పిల్లల బడి, దేశం అన్నీ తారుమారయ్యే ప్రమాదం ఉన్నవాడు ఉన్న కొలువు వదలకుండా గుట్టుగా వెతుక్కుంటే ఆశ్చర్యమేమున్నది?

ఇంతవరకు ఇతరుల చరిత్ర. న్యాయంగా నా సంగతి కూడా చెప్పాలి.

1980వ దశకం తొలినాళ్లలో నేనొక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పండితునిగా ఉండేవాడిని. చేరిన రోజున నా అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. అదే అక్కడి పగ్గం. ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగానికి కర్నూలులో మౌఖిక పరీక్షకు పిలుపు వచ్చింది. పెదనాన్నగారికి జబ్బుగా ఉందని చెప్పి, బ్యాంకు పనని ఒక సర్టిఫికెట్ అడిగి తీసుకుని, తెల్లవారుజాము బస్సెక్కాను. ముప్పై కిలోమీటర్ల దారిలో ఆ అబద్ధం నా పక్కనే టికెట్టు లేకుండా కూర్చుంది. ఉద్యోగం వచ్చింది. జనవరిలో చేరమన్నారు.

ప్రధానోపాధ్యాయుని గదికి వెళ్లి సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన బీరువా తెరిచి నా మిగిలిన కాగితాలు తీసి బల్లమీద పెట్టి, "మీ పెదనాన్నగారు బాగున్నారు కదా పంతులూ? మొన్న సంతలో కనబడినారు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. తరువాత మెల్లగా, "పోవద్దని చెప్పను. నేనూ అట్లనే వచ్చినవాణ్ని. పదో తరగతి పిల్లలకు ఇంక రెండు నెలల్లో పరీక్షలు. వాళ్లకేం చెప్పాల్నో చెప్పిపో" అన్నారు.

అప్పుడు తెలిసింది. నేను బాకీపడినది బీరువాకు కాదు, ఆ యజమాన్యానికీ కాదు. ఛందస్సు సగంలో ఉన్న నలభైమంది పిల్లలకు. చేరవలసిన గడువు దాటేందుకు వీలులేక వెళ్లిపోయాను గాని, మార్చి వరకు ఆదివారాలు ఆ పిల్లలను మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి మిగిలిన పాఠాలు చెప్పాను. అది గొప్ప అని చెప్పడం లేదు. ఆ అబద్ధానికి వడ్డీ కట్టుకున్నానంతే. అసలు ఇంకా తీరలేదు, అందుకే ఇన్నేళ్ల తరువాత ఇక్కడ రాస్తున్నాను.

ఈ చరిత్రనంతా తిరగవేసి, ఆ పిల్లవాడికి ఫోను చేసి చెప్పిన మాటలివి. నాయనా, కొలువు వెతుక్కోవడం తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదు. తిన్నది ఊరికే తినలేదు, పని చేసి తిన్నావు. గుట్టుగా ఉంచుకోవడమూ తప్పు కాదు. మాట్లాడకపోవడం వేరు, అబద్ధమాడడం వేరు. "సొంత పని ఉంది" అని సెలవు అడుగు, అది నిజమే. లేని జబ్బు ఎవరికీ అంటగట్టవద్దు. వారి పనివేళలో, వారి యంత్రం మీద నీ ప్రయత్నాలు చేయవద్దు. వారి రహస్యం నీ సంచిలో పెట్టుకొని పోవద్దు. కొత్తచోట పాతవారిని తిట్టవద్దు, విన్నవాడు రేపు తనను కూడా తిడతావని గ్రహిస్తాడు. వెళ్లేరోజు ఖాయమైతే మొదట నీ పై అధికారికి నీ నోటితోనే చెప్పు, సంతలో ఎవరో చెప్పేదాకా ఉంచవద్దు. నీ పని అందుకొనేవాడికి అన్నీ అప్పజెప్పి రా.

వాడు అంతా విని, "సార్, మా మేనేజరు కూడా ఇంటర్వ్యూలిస్తా ఉండాడంట" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆనాటి మా ప్రధానోపాధ్యాయుడు గుర్తుకువచ్చాడు. నేనూ అట్లనే వచ్చినవాణ్ని అన్న ఆ ఒక్క మాట ప్రతి యజమానీ గుర్తుంచుకుంటే, పగ్గాలు కొంత వదులవుతాయి. పగ్గం వదులైతే, వేపచెట్టు కిందికి పోయి గొంతు తగ్గించి మాట్లాడవలసిన పని ఎవరికీ ఉండదు.

స్వస్తి.